వాగుల్లో నత్రజని: ఒక పరిశోధన చరిత్ర

నేల, మొక్కలు, వాతావరణం మధ్య సాగే నత్రజని వలయాన్ని గత భాగంలో తెలుసుకున్నాం. ఆ వలయంలో వాగులు, నదుల పాత్రను శాస్త్రజ్ఞులు ఆలస్యంగా గుర్తించారు. పొలాల నుంచి కొట్టుకొచ్చిన నైట్రేట్‌ను సముద్రానికి చేర్చే ఒక గొట్టంగానే నదిని చాలాకాలం లెక్కగట్టారు. ఈ అభిప్రాయం ఎలా మారిందో ఇప్పుడు పరిశీలిద్దాం.

నైట్రేట్‌ను బాక్టీరియా వాయువుగా మార్చగలవన్న సంగతి కొత్తది కాదు. వినత్రీకరణం అనే ఈ చర్యను ఫ్రాన్స్‌లో గేయన్, డ్యుపెటి 1880లలోనే వివరించారు. చిక్కంతా కొలవడంలోనే వచ్చింది. పారే నీటిలో ఒక మూలకం జాడ పట్టడం ఎలా? భాస్వరానికి రేడియోధార్మిక రూపమైన భాస్వరం-32 ఉంది. దాని అర్ధాయువు సుమారు 14 రోజులు కాబట్టి, వాగులో కలిపి వెంబడించవచ్చు. నత్రజని రేడియోధార్మిక రూపాల్లో ఎక్కువసేపు నిలిచే నత్రజని-13 అర్ధాయువు 10 నిమిషాలు మాత్రమే. అందుకే తొలి అడుగులు భాస్వరంతో పడ్డాయి. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో వాకర్ బ్రాంచ్ అనే చిన్న అడవి వాగు ఈ పనికి పేరుపొందింది.

1970లలో వెబ్‌స్టర్ అనే ఆవరణ శాస్త్రజ్ఞుడు 'పోషకాల సర్పిలం' అనే భావనను ముందుకు తెచ్చాడు. వాగులో శైవలాలు, బాక్టీరియా ఒక పోషకాన్ని గ్రహిస్తాయి. అవి చనిపోయి కుళ్లినప్పుడు ఆ పోషకం మళ్లీ నీటిలో చేరి, కొంత దూరం కొట్టుకుపోయి, మరోచోట మరో జీవికి చిక్కుతుంది. అంటే వలయం ఒకేచోట మూసుకోదు, స్ప్రింగులా దిగువకు సాగుతుంది. ఒక్కో చుట్టు పొడవును కొలిచే పద్ధతిని 1981లో న్యూబోల్డ్ బృందం వివరించింది. ఇక్కడ తికమక పడకూడదు: చుట్టు పొడవు తక్కువైతే వాగు పోషకాన్ని బాగా పట్టి ఉంచుతోందని అర్థం.

నత్రజనికి దారి చూపింది నత్రజని-15. ఇది రేడియోధార్మికం కాదు, కాస్త బరువైన రూపం అంతే. ప్రకృతిలోని నత్రజనిలో దీని వాటా సుమారు 0.37 శాతం. దీన్ని కొద్దికొద్దిగా వాగులోకి వదిలి, దిగువన నీటిలో, నాచులో, కుళ్లిన ఆకుల్లో, పురుగుల్లో ఎంత చేరిందో కొలిచారు. 12 చిన్న వాగుల ఫలితాలను 2001లో పీటర్సన్ బృందం ప్రకటించింది. అమ్మోనియం కొన్ని పదుల నుంచి కొన్ని వందల మీటర్లలోనే నీటి నుంచి తొలగిపోయింది. నైట్రేట్ సగటున అంతకు 5 నుంచి 10 రెట్లు దూరం ప్రయాణించింది. జీవక్రియలు చురుకుగా సాగే కాలంలో ఈ వాగులు తమలో చేరిన అకర్బన నత్రజనిలో సగం కన్నా తక్కువే కిందికి వదిలాయి. అన్నిటికన్నా వేగంగా పనిచేసినవి అతిచిన్న వాగులు. లోతు తక్కువ కావడంతో వాటి నీరంతా అడుగున ఉన్న పాకుడు రాళ్లను, ఇసుకను రాసుకుంటూ పోతుంది. రోడ్లకూ ఇళ్లకూ మనుషులు ముందుగా పూడ్చేసేది ఇలాంటి వాగులనే.

గ్రహించడం వేరు, తొలగించడం వేరు. శైవలాలు గ్రహించిన నత్రజని మళ్లీ నీటిలోకే రావచ్చు. వినత్రీకరణంలో మాత్రం అది వాయువై వాగును విడిచిపోతుంది. ప్రాణవాయువు అందని అడుగు బురదలో ఇది జరుగుతుంది. దీని కోసం మల్‌హోలాండ్ బృందం అడవి, వ్యవసాయ, పట్టణ ప్రాంతాల్లోని 72 వాగులను పరీక్షించి, 2008లో ఫలితాలు వెల్లడించింది. నైట్రేట్ పెరిగేకొద్దీ వాగు తొలగించే మొత్తం పెరిగింది, కానీ వచ్చినదాంట్లో తొలగించే వంతు తగ్గిపోయింది. భారం ఎక్కువైన చోటే సామర్థ్యం పడిపోతోందన్నమాట. మిసిసిపి నదీ వ్యవస్థలో అలా మిగిలిన నైట్రేట్ మెక్సికో సింధుశాఖకు చేరుతుంది. అక్కడ విపరీతంగా పెరిగిన శైవలాలు చచ్చి కుళ్లడంతో ఏటా వేసవిలో అడుగు నీటిలో ప్రాణవాయువు కరువవుతోంది.