ఇంటి కంప్యూటరు మెమరీకి హద్దులు

మన సంఘ సభ్యుల ఇళ్లలో ఇప్పుడు కంప్యూటర్లు బాగానే కనిపిస్తున్నాయి. యంత్రం నెమ్మదించగానే "మెమరీ పెంచండి" అనే సలహా వస్తుంది. పింఛను డబ్బుతో కొన్నదంతా పనికివస్తుందా? దీనికి జవాబు గత చరిత్రలో ఉంది గనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మెమరీలోని ప్రతి గదికీ ఇంటి నంబరు వంటి నంబరొకటి ఉంటుంది. రెండంకెలే వాడాలంటే 99 దాటిన ఇంటికి ఉత్తరం చేరదు. ఇక్కడా అంతే. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. 1969లో అందించిన టి.డి.సి.-12 పన్నెండు బిట్ల యంత్రం. పన్నెండు బిట్లతో వచ్చే నంబర్లు 4,096 మాత్రమే. 1981 నాటి ఐ.బి.ఎం. పి.సి.లో గది నంబరుకు 20 బిట్లు, అంటే ఒక మెగాబైటు. అందులో తెర మొదలైన వాటికి కేటాయించినవి పోగా డాస్‌కూ ప్రోగ్రాములకూ మిగిలింది 640 కిలోబైట్లు.

1985లో ఇంటెల్ 386 చిప్పు నంబరును 32 బిట్లకు పెంచింది. హద్దు 4 గిగాబైట్లయింది. ఆనాడది సముద్రమే! తరువాత అదీ ఇరుకైంది. 32 బిట్ల విండోస్ ఉన్న ఇంటి కంప్యూటరులో 4 గిగాబైట్లు వేసినా, ఇతర పరికరాలకు నంబర్లు పోగా, తరచు మూడు మూడున్నరే వాడకానికి వచ్చేవి. 2003లో ఎ.ఎం.డి. 64 బిట్ల చిప్పులతో ఈ చిక్కు విడిపోయింది.

రెండో హద్దు కంపెనీ పెట్టినది. 2009లో వచ్చిన 64 బిట్ల విండోస్ 7లో హోమ్ బేసిక్‌కు 8, హోమ్ ప్రీమియంకు 16, ప్రొఫెషనల్‌కు 192 గిగాబైట్లు. యంత్రం ఒకటే అయినా, కొన్న రకాన్ని బట్టి తాళం! మన కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు. సందర్శకులకు తెరిచింది కిలోమీటరున్నర. ఉన్నదంతా మనకు తెరిచి ఉండదని మనకు వేరే చెప్పాలా?

విండోస్ 11 64 బిట్లలోనే వచ్చింది. దాని హోమ్ రకం హద్దు 128 గిగాబైట్లు, ఇంటి పనులకు చాలినంత. పాత యంత్రం ఉన్నవారు మాత్రం అది 32 బిట్లదా, విండోస్ ఏ రకం, మదర్‌బోర్డు ఎంతవరకు తీసుకుంటుంది అన్న మూడు సంగతులు విచారించిన తరువాతే డబ్బు ఖర్చు పెట్టవలసిందిగా నా మనవి.