మోరీ ఇచ్చిన ఖబర్

2016 రంజాన్ నెల. హైదరాబాద్ మోరీ నీళ్ళలో పోలియో వైరస్ దొరికిందన్న ఖబర్ వచ్చింది. మా మొహల్లాలో ఖౌఫ్ కంటే ముందు షక్ పుట్టింది. పోలియో లేని ముల్క్ అని 2014లోనే సర్టిఫికెట్ వచ్చింది కదా, మళ్ళీ ఎక్కడిది?

జవాబు కొంచెం చేదు. అది చుక్కల దవా నుంచే పుట్టిన టైప్ 2 వైరస్. చుక్కల్లో ఉండేది బలం తీసేసిన, బతికున్న వైరస్. పిల్లల పేగుల్లోంచి మోరీలోకి వెళ్తుంది. టీకా పడని పిల్లలు ఎక్కువున్న చోట ఒకరి నుంచి ఒకరికి పాకుతూ, పోయిన తాకత్ మళ్ళీ తెచ్చుకోగలదు. టైప్ 2తో ఈ ఖత్రా ఎక్కువని ఆ ఏడాది ఏప్రిల్‌లోనే దాన్ని చుక్కల్లోంచి తీసేశారు. ఈ మాట మా అమ్మీలకు సాఫ్‌గా చెప్పి ఉంటే అఫ్వాలు సగం తగ్గేవి. చెప్పలేదు. దాచినట్టు కనిపిస్తే సాజిష్ అనే అనుకుంటారు మరి.

ఏ బిడ్డ కాలూ పడిపోలేదు, అల్హమ్‌దులిల్లాహ్. అయినా రోజాల్లోనే, హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో దాదాపు 3 లక్షల మంది పిల్లలకు వారంలో సూది వేయాలని పూనుకున్నారు. ఎందుకంత తొందర? పోలియో సోకిన సుమారు 200 మందిలో ఒకరికే పక్షవాతం వస్తుంది. ఆ ఒక్కరు కనబడే దాకా ఆగితే దేర్ అయిపోతుంది. మోరీ ముందే చెబుతుంది. ముంబైలో 2001 నుంచే ఈ పరీక్ష ఉంది.

2020లో సీసీఎంబీ, ఐఐసీటీ సైంటిస్టులు ఇదే తరీఖాతో హైదరాబాద్ మురుగునీటిలో కరోనాను లెక్కగట్టారు. సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని అందాజా. చాలామందికి లక్షణాలే లేవు. బీమారీ ఫలానా ఖౌమ్ తెచ్చిందని మమ్మల్ని వేలెత్తి చూపిన ఏడాది అది. ఆ నమూనాలు తీసింది మాత్రం అన్ని ఖౌమ్‌ల ఇళ్ళ మోరీలూ వచ్చి కలిసే శుద్ధి కేంద్రాల దగ్గర.