కాలు మార్చిన రోగి

న్యూయార్క్‌లో న్యూరాలజీ బోర్డు పరీక్షకు తీసుకొచ్చిన ఒక రోగిని, పరీక్ష రాస్తున్న డాక్టరు మొరటుగా పరీక్షించాడు. రోగికి ఒళ్లు మండింది. అరికాలు గీసినప్పుడు బొటనవేలు ఏ కాలికి పైకి లేవాలో ఆ కాలికి కాక, రెండో కాలికి లేపాడు. స్పర్శ తెలియని చోట్లనూ మార్చి చెప్పాడు. ఆ సంగతి తర్వాత తనే హోవర్డ్ బారోస్ అనే యువ డాక్టరు చెవిన వేశాడు. వైద్యవిద్య చరిత్రలో ఇంత ముచ్చటైన కుట్ర నాకింకోటి కనబడలేదు. అయితే దీన్ని మోసం అనబుద్ధి కాదు. ఆ డాక్టరుకు మార్కులు వేసే అర్హత ఎక్కువగా ఉన్నది ఎగ్జామినర్లకు కాదు, అతని చేతులు మీద పడ్డ మనిషికే.

పదకొండో శతాబ్దపు చైనాలో కంచు బొమ్మకు మైనం పూసి, లోపల నీళ్లు నింపి, సూది సరైన చోట దిగితే నీరు కారేలా చేసి వైద్యుల్ని పరీక్షించేవారు. ఎంత మొరటుగా గుచ్చినా బొమ్మ పగబట్టదు! అక్కణ్నుంచి ఒక్క గెంతులో 1963కి రావచ్చు. లాస్ ఏంజెలస్‌లో బారోస్, చిత్రకారులకు మోడల్‌గా పనిచేసే ఒకామెకు కాళ్లు చచ్చుబడ్డ మనిషిలా నటించడం నేర్పి, విద్యార్థుల ముందు పడుకోబెట్టాడు. విద్యార్థి వెళ్లాక అతను ఏం చేశాడో, ఏం వదిలేశాడో ఆమే నమోదు చేసేది. వైద్య కళాశాలలోకి హాలీవుడ్ దిగిందని పత్రికలు వెక్కిరించాయి. రోగి సాక్ష్యానికి తొలిసారి విలువ దక్కిందన్న సంగతి ఆ నవ్వుల్లో కొట్టుకుపోయింది. 1975లో స్కాట్లాండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్ బృందం వరుసగా స్టేషన్లు పెట్టి, విద్యార్థుల్ని ఒక్కో దాని దగ్గర కొద్ది నిమిషాలు నిలబెట్టే ఆస్కీ పద్ధతిని ప్రకటించింది. అందరికీ ఒకే ప్రశ్న, ఒకే కొలత. న్యాయం పెరిగింది గానీ రోగి ముక్కలయ్యాడు: ఒకచోట గుండె చప్పుడు, ఇంకోచోట ఎక్స్‌రే.

ఒకే రోగిని మొదటినుంచి చివరిదాకా పరీక్షించే పాత పద్ధతి, లాంగ్ కేసే, మేలనేవారు మనిషిని మొత్తంగా చూసేది అందులోనేగా అంటారు. నిజమే. కానీ ఒకరికి తేలిక కేసు, పక్కవాడికి మాట తడబడే వృద్ధుడు పడితే అది లాటరీ. పైగా విద్యార్థి రోగి దగ్గరుండగా ఎగ్జామినర్ చాలాసార్లు అక్కడ ఉండడు, తర్వాత వచ్చి కథ వింటాడు. నటులతో పరీక్ష ఖర్చెక్కువన్న వాదనా ఉంది. దానిలో బలముంది. మన తెలుగు డాక్టర్లు విమాన టికెట్లు కొనుక్కుని వెళ్లి రాసిన, రోగులుగా నటించేవారితో జరిగే అమెరికా లైసెన్సు పరీక్ష స్టెప్ 2 సీఎస్ 2004లో మొదలై, కోవిడ్‌తో ఆగి, 2021లో రద్దయింది. కానీ రోగి మాట వినడానికి నటులే అక్కర్లేదు. హౌస్ సర్జన్ కాబోయే విద్యార్థి లాంగ్ కేసు ముగించాక, ఆ మంచం మీద ఉన్నవారిని రెండు ప్రశ్నలు అడగవచ్చు: చెయ్యి వేసేముందు చెప్పాడా, నొప్పి పుడితే ఆగాడా? ఆ జవాబులకు అయిదు మార్కులిస్తే ఎవరి జేబూ ఖాళీ కాదు.