కర్ట్ వెన్నర్

కర్ట్ వెన్నర్ (జననం: 1958) అమెరికా దేశానికి చెందిన చిత్రకారుడు. చదునైన వీధి నేలపై రంగు సుద్దలతో బొమ్మ గీసి, అక్కడ లోతైన గొయ్యి గాని, నీటి కొలను గాని, నేలను చీల్చుకొని పైకి వస్తున్న మనుషులు గాని నిజంగా ఉన్నట్లు చూపరులకు భ్రమ కల్పించడం ఇతని ప్రత్యేకత. నేడు "త్రీ-డీ వీధి చిత్రకళ" అనే పేరుతో అనేక దేశాలలో వ్యాపించిన ఈ పద్ధతికి ఇతడే ఆద్యుడని ప్రసిద్ధి. ఈ చిత్రాలకు రెండు లక్షణాలు ఉన్నాయి. ఒకటి, అవి ఒకే ఒక్క చోట నిలబడి చూసినప్పుడు మాత్రమే సరిగా కనిపిస్తాయి. రెండవది, అవి కొద్ది రోజులలోనే చెరిగిపోతాయి. ఈ రెండు లక్షణాలను అర్థం చేసుకొంటే వెన్నర్ కళను చాలావరకు అర్థం చేసుకొన్నట్లే.

బాల్యం, విద్య

వెన్నర్ మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్ పట్టణంలో జన్మించాడు. కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో పెరిగాడు. పదహారేళ్ళ వయసులోనే పారితోషికం తీసుకొని ఒక కుడ్యచిత్రం వేశాడు. రోడ్ ఐలాండ్ స్కూల్ ఆఫ్ డిజైన్, ఆర్ట్ సెంటర్ కాలేజ్ ఆఫ్ డిజైన్ అనే సంస్థలలో చిత్రకళను అభ్యసించాడు. తరువాత అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో చిత్రకారుడుగా పనిచేశాడు. ఇంకా నిర్మాణం కాని అంతరిక్ష నౌకలను, ఎవరూ అడుగు పెట్టని గ్రహాల ఉపరితలాలను శాస్త్రజ్ఞుల సమాచారం ఆధారంగా బొమ్మలు వేయడం అక్కడ ఇతని పని. లేనిదానిని ఉన్నట్లు, అదీ లెక్క ప్రకారం చూపడంలో ఇతనికి ఇక్కడే తొలి సాధన లభించింది.

రోమ్ నగరంలో

1982లో వెన్నర్ ఉద్యోగం వదలి ఇటలీ వెళ్ళి రోమ్ నగరంలో స్థిరపడ్డాడు. పునరుజ్జీవన కాలపు చిత్రకారులు, శిల్పులు మానవ శరీరాన్ని ఏ విధంగా చిత్రించారో మూల కృతుల నుండే నేర్చుకోవాలన్నది ఇతని సంకల్పం. పగలంతా ప్రదర్శనశాలలలో శిల్పాలను చూస్తూ బొమ్మలు గీసేవాడు. ఈ కాలంలోనే వీధిలో నేలపై బొమ్మలు వేసే "మడొన్నారీ" చిత్రకారులతో పరిచయం కలిగింది. తాను కూడా వారిలో ఒకడుగా చేరి, బాటసారులు వేసే నాణేలతో జీవనం సాగించాడు. నిలకడైన ఉద్యోగం వదలి వచ్చిన మనిషికి వీధియే పాఠశాల, వీధియే జీవనాధారం అయింది.

మడొన్నారీ సంప్రదాయం

ఇటలీలో యేసు తల్లి మరియను "మడొన్నా" అంటారు. పండుగలు, తిరునాళ్ళు జరిగే ఊళ్ళకు కాలినడకన వెళ్ళి, చర్చి ముందరి నేలపై మడొన్నా చిత్రాన్ని సుద్దతోను, బొగ్గుతోను గీసేవారు కాబట్టి ఈ చిత్రకారులకు "మడొన్నారీ" అనే పేరు వచ్చింది. ఈ సంప్రదాయం పదహారవ శతాబ్దం నాటిదని చెబుతారు. పండుగ ముగిసిన తరువాత చిత్రకారుడు మరొక ఊరికి సాగిపోయేవాడు. బొమ్మ జనం కాళ్ళ కింద కలిసిపోయేది.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఈ వృత్తి దాదాపు అంతరించే దశకు చేరుకొంది. 1973లో మాంటువా నగర సమీపంలోని గ్రాజియె అనే గ్రామంలో మడొన్నారీల సమావేశం ప్రారంభం కావడంతో దీనికి మళ్ళీ ఊపిరి వచ్చింది. ఏటా ఆగస్టు 15న వచ్చే మరియమాత పండుగ సందర్భంగా అక్కడి చర్చి ముందర ఈ పోటీలు నిర్వహిస్తారు. వెన్నర్ ఈ పోటీలలో పాల్గొని, 1985లో "మాస్టర్ మడొన్నారో" అనే గౌరవాన్ని పొందాడు.

భ్రమ వెనుక ఉన్న పద్ధతి

1984 ప్రాంతంలో వెన్నర్ తన కొత్త పద్ధతిని రూపొందించాడు. దీనికి ప్రేరణ రోమ్ నగరపు చర్చిల పైకప్పులపై ఉన్న చిత్రాలు. సాంత్ ఇగ్నాజియో చర్చిలో ఆండ్రియా పొజ్జో అనే చిత్రకారుడు 1694 నాటికి పూర్తిచేసిన పైకప్పు చిత్రం వీటిలో ముఖ్యమైనది. ఆ చర్చి నేలపై ఒక చలువరాతి బిళ్ళ ఉంది. దానిపై నిలబడి తలెత్తి చూస్తే గోడలు ఇంకా పైకి సాగి ఆకాశంలోకి తెరుచుకొన్నట్లు కనిపిస్తాయి. అదే చర్చిలో గుమ్మటం కట్టవలసిన చోట 1685లో పొజ్జో ఒక వస్త్రంపై గుమ్మటం బొమ్మ వేశాడు. బిళ్ళల నుండి దూరంగా జరిగితే ఆ స్తంభాలు, గుమ్మటం ఒరిగిపోతున్నట్లు అనిపిస్తాయి.

ఒక ప్రత్యేక స్థానం నుండి చూసినప్పుడు మాత్రమే సరైన రూపం వచ్చేలా, కావాలని సాగదీసి వేసే చిత్రణను "అనామార్ఫోసిస్" అంటారు. లియొనార్డో డావిన్సీ పదిహేనవ శతాబ్దం చివరలో ఈ విధంగా ఒక కంటి బొమ్మను గీశాడు. హాన్స్ హోల్బైన్ 1533లో వేసిన "రాయబారులు" అనే చిత్రం అడుగు భాగంలో ఉన్న అస్పష్టమైన మరక వంటి ఆకారం, పక్కనుండి చూస్తే పుర్రెగా మారుతుంది. అందుచేత అనామార్ఫోసిస్ వెన్నర్ కనుగొన్నది కాదు. పైకప్పు మీద ఉన్న విద్యను కాళ్ళ కిందికి దించి, చూపరికి అతి దగ్గరగా ఉండే నేలకు దానిని అన్వయించడం ఇతడు చేసిన పని.

ఇందులోని గణితం

దీని మూలసూత్రం పదవ తరగతి విద్యార్థికి తెలిసిన సరూప త్రిభుజాల సూత్రమే. చూపరి కన్ను నేల నుండి 1.5 మీటర్ల ఎత్తులో ఉన్నదనుకొందాం. అతనికి 3 మీటర్ల దూరంలో అర మీటరు ఎత్తున్న ఒక పెట్టె నిలిచి ఉన్నట్లు చూపాలి. కంటి నుండి పెట్టె పైఅంచు మీదుగా ఒక దారం లాగి నేల వరకు పొడిగిస్తే, అది చూపరికి 4.5 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. అంటే అర మీటరు ఎత్తును చూపడానికి నేలపై 1.5 మీటర్ల పొడవున బొమ్మ వేయాలి. పెట్టె ఎత్తు ఒక మీటరు అయితే దారం 9 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. బొమ్మ పొడవు 6 మీటర్లు అవుతుంది. ఎత్తు రెట్టింపు అయితే పొడవు నాలుగు రెట్లు అయిందని గమనించాలి. వస్తువు ఎత్తు కంటి ఎత్తుకు సమానమైతే దారం ఎన్నటికీ నేలను తాకదు. అందువల్ల నిలబడి చూసేవాని కంటి కన్నా ఎత్తైన వస్తువును నేల మీది బొమ్మతో మాత్రమే చూపడం సాధ్యం కాదు.

లోతు విషయం దీనికి భిన్నం. చూపరికి 6 మీటర్ల దూరంలో గొయ్యి యొక్క అవతలి అంచు ఉన్నదని, గొయ్యి లోతు 1.5 మీటర్లని అనుకొందాం. కంటి నుండి అవతలి గోడ అడుగుకు గీసిన రేఖ, సరిగ్గా 3 మీటర్ల దూరంలో నేల మట్టాన్ని దాటుతుంది. కనుక ఆ గోడను 3 మీటర్ల నుండి 6 మీటర్ల వరకు ఉన్న నేలపై చిత్రిస్తే చాలు. గొయ్యి ఎంత లోతుగా ఉన్నా బొమ్మ దాని అవతలి అంచును దాటిపోదు. వీధి చిత్రాలలో గోతులు, బావులు, కొలనులు, అగాధాలు తరచుగా కనిపించడానికి ఒక ముఖ్యమైన కారణం ఇదే.

లెక్క మాత్రమే సరిపోదు. మనకు రెండు కళ్ళు ఉన్నాయి. దగ్గరి వస్తువును చూసినప్పుడు రెండు కళ్ళలో ఏర్పడే ప్రతిబింబాల మధ్య కొంచెం తేడా ఉంటుంది. ఆ తేడా ద్వారా మెదడు లోతును గ్రహిస్తుంది. నేలపై బొమ్మను రెండు కళ్ళతో చూసినప్పుడు అది చదునుగా ఉన్నదని మెదడుకు తెలుస్తూనే ఉంటుంది. ఒక కన్ను మూసుకొని చూస్తే భ్రమ బలపడుతుంది. కెమెరాకు ఉన్నది ఒకే కన్ను. అందువల్ల ఈ చిత్రాలు ఎదురుగా చూసినప్పటి కన్నా ఛాయాచిత్రంలో మరింత నమ్మదగినవిగా ఉంటాయి. వెలుగు నీడలు ఒకే దిక్కు నుండి పడినట్లు చిత్రించడం, వీధిలోని రాళ్ళ వరుసలను బొమ్మలోకి కొనసాగించడం, నిజమైన మనిషిని బొమ్మ అంచున నిలబెట్టడం వంటివి భ్రమను పెంచే ఉపాయాలు.

ముఖ్యమైన చిత్రాలు

వెన్నర్ చిత్రాలలో "డియెస్ ఇరే" బాగా పేరుపొందింది. ఈ లాటిన్ మాటలకు "ఆగ్రహ దినం" అని అర్థం. మాంటువాలో వేసిన ఈ చిత్రంలో వీధి నేల పగిలి, అందులో నుండి మనుషులు అంచులు పట్టుకొని పైకి పాకుతున్నట్లు ఉంటుంది. తీర్పు దినాన మృతులు లేచి వస్తారనే క్రైస్తవ విశ్వాసం దీనికి ఇతివృత్తం. ఈ కళ గురించి "మాస్టర్‌పీసెస్ ఇన్ చాక్" పేరుతో నేషనల్ జియోగ్రాఫిక్ సంస్థ 1980వ దశకంలో తీసిన డాక్యుమెంటరీ ద్వారా ఇతని పేరు ఇటలీ వెలుపల కూడా తెలిసింది.

1991లో రెండవ జాన్ పాల్ పోప్ మాంటువా నగరాన్ని సందర్శించినప్పుడు, వెన్నర్ "తుది తీర్పు" ఇతివృత్తంతో 75 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు గల చిత్రాన్ని రూపకల్పన చేశాడు. ఇతని ఆధ్వర్యంలో సుమారు 30 మంది వీధి చిత్రకారులు పది రోజులు శ్రమించి దానిని పూర్తిచేశారు. పోప్ ఆ చిత్రంపై స్వయంగా సంతకం చేశాడు. భిక్షుకులతో సమానంగా చూడబడిన ఒక వృత్తికి ఇది అరుదైన గౌరవం.

2010 డిసెంబరులో జన్యుమార్పిడి పంటలను వ్యతిరేకిస్తూ పది లక్షల మంది సంతకాలు చేసిన వినతిని బ్రస్సెల్స్ నగరంలో యూరోపియన్ కమిషన్‌కు సమర్పించారు. ఆ సందర్భంగా గ్రీన్‌పీస్ సంస్థ కోసం వెన్నర్ 22 మీటర్ల పొడవు, 22 మీటర్ల వెడల్పు గల చిత్రాన్ని రూపొందించాడు. భ్రమ కలిగించే బొమ్మ వినోదానికే కాక, ప్రజల విన్నపానికి కూడా వాహనం కాగలదని ఇది నిరూపించింది.

అమెరికాలో ఈ కళ వ్యాపించడంలో కూడా ఇతని పాత్ర ఉంది. 1987లో శాంటా బార్బరా ఓల్డ్ మిషన్ చర్చి ముందర "ఐ మడొన్నారి" పేరుతో వీధి చిత్రకళోత్సవం ప్రారంభమైంది. 2011లో వెన్నర్ తన అనుభవాలను, పద్ధతులను వివరిస్తూ "ఆస్ఫాల్ట్ రెనెసాన్స్" అనే గ్రంథాన్ని ప్రచురించాడు.

చెరిగిపోయే కళ

సుద్దతో వేసిన బొమ్మను ఒక్క వాన తుడిచివేస్తుంది. వారం రోజుల శ్రమ గంటలో కాలువలో కలిసిపోవచ్చు. మడొన్నారీలు దీనిని లోపంగా భావించలేదు. బొమ్మ వేస్తూ ఉండగా జనం చుట్టూ చేరి చూడడం, మాట్లాడడం కూడా ఆ కళలో భాగమే.

అయితే త్రీ-డీ చిత్రాల రాకతో ఈ స్థితి మారింది. బొమ్మ పోయినా ఛాయాచిత్రం మిగులుతుంది. పైగా సరైన స్థానం నుండి తీసిన ఛాయాచిత్రంలోనే భ్రమ పరిపూర్ణంగా ఉంటుంది. 2000వ దశకంలో ఇటువంటి ఛాయాచిత్రాలు ఈ-మెయిళ్ళ ద్వారా ప్రపంచమంతా తిరిగాయి. చాలా సందర్భాలలో వాటితో పాటు చిత్రకారుని పేరు ప్రయాణం చేయలేదు. ఒకరి బొమ్మను మరొకరిదిగా చెప్పడం, కంప్యూటర్‌లో తయారుచేసిన నకిలీ అని అనుమానించడం కూడా జరిగింది. దేనివల్ల ఈ కళకు అంత ప్రచారం వచ్చిందో, దానివల్లనే చిత్రకారుని శ్రమ మరుగున పడే ప్రమాదం కూడా వచ్చింది.

వ్యాపార సంస్థలు తమ ప్రకటనల కోసం ఈ కళను విరివిగా వాడుకోవడం మరొక పరిణామం. దీనివల్ల చిత్రకారులకు ఆదాయం లభించింది. కాని గారడీకే ప్రాధాన్యం ఇచ్చి, చిత్రలేఖన నైపుణ్యాన్ని విస్మరిస్తున్నారనే విమర్శ కూడా ఉంది.

ఇతర చిత్రకారులు

బ్రిటన్‌కు చెందిన జూలియన్ బీవర్ 1990వ దశకం నుండి ఇటువంటి చిత్రాలు వేశాడు. ఇతడు కెమెరాను ఒకచోట స్థిరంగా నిలిపి, గీసిన ప్రతి భాగాన్ని అందులో చూసి సరిచేసుకొంటూ పనిచేస్తాడు. జర్మనీకి చెందిన ఎడ్గర్ ముల్లర్ 2007లో కెనడాలోని మూస్ జా పట్టణంలో ఒక వీధిని నదిగాను, 2008లో ఐర్లండ్‌లోని డన్ లేరీలో నేలను మంచు అగాధంగాను చిత్రించాడు.

భారతదేశంలో కర్ణాటకకు చెందిన బాదల్ నంజుండస్వామి ఈ ఉపాయాన్ని పౌర సమస్యల వైపు మళ్ళించాడు. 2015లో బెంగళూరు రోడ్డుపై ఏర్పడిన ఒక గుంతను చెరువుగా మార్చి, అందులో మొసలి బొమ్మను ఉంచాడు. 2019లో గుంతలు పడిన రోడ్డుపై వ్యోమగామి దుస్తులలో ఒక వ్యక్తిని నడిపించి, అది చంద్రుని ఉపరితలమేమో అనిపించేలా వీడియో తీశాడు. ఈ వీడియోలో భ్రమ అంతా కెమెరా ఉన్న చోటుపైనే ఆధారపడింది. పక్కనుండి ఒక వాహనం వెళ్ళగానే అది రోడ్డేనని తెలిసిపోతుంది. వీడియోకు ప్రచారం లభించిన తరువాత ఆ రోడ్డుకు మరమ్మతు చేశారు. లేని గోతిని ఉన్నట్లు చూపడం వెన్నర్ కళ అయితే, ఉన్న గోతిని అధికారుల కంట పడేలా చేయడం ఈ కళకు కలిగిన కొత్త ప్రయోజనం.

తెలుగువారికి పోలిక

నేలపై బొమ్మ వేసి, అది చెరిగిపోతుందని తెలిసి కూడా మరునాడు మళ్ళీ వేయడం తెలుగువారికి కొత్త విషయం కాదు. వాకిట్లో ముగ్గు ఇందుకు నిత్య ఉదాహరణ. మన పట్టణాలలో రోడ్డు పక్కన రంగు సుద్దలతో ఆంజనేయస్వామి వంటి దేవతల బొమ్మలు గీసి, చూసేవారు వేసే చిల్లరతో పొట్టపోసుకొనే చిత్రకారులకు, ఇటలీ మడొన్నారీలకు దగ్గరి పోలిక కనిపిస్తుంది. వీటిలో దృష్టి భ్రమ లేదు. ముగ్గును ఏ వైపు నుండి చూసినా ముగ్గే. వెన్నర్ చిత్రం మాత్రం చూపరిని వెతికి ఒకచోట నిలబెడుతుంది. ఆ ఒక్క అడుగు స్థలంలోనే నేల లోతుగా మారుతుంది. అడుగు పక్కకు వేస్తే మళ్ళీ రంగు సుద్ద గీతలే మిగులుతాయి.