ఎలుక గుండె సరే, మనిషి గుండె మాటేమిటి?



నాన్నగారికి గుండెపోటు వచ్చిన రాత్రి నేనిక్కడ డల్లాస్‌లో కంప్యూటర్ ముందు కూర్చుండిపోయాను. 'దెబ్బతిన్న గుండెను బాగుచేసే హార్మోను' అన్న పాత వార్తొకటి కనబడింది. వెంటనే ఫోన్ చేసి, "అమ్మా, ఆ ఇంజెక్షన్ సంగతి డాక్టరుగారిని అడుగు" అన్నాను. ఆయన వద్దన్నారట. ఎందుకో తెలుసుకుందామని దాని చరిత్ర చదివాను.

దాని పేరు ఎరిత్రోపోయిటిన్. మన మూత్రపిండాల్లో తయారై, ఎర్ర రక్తకణాలు పెరిగేలా చేస్తుంది. జపాన్‌లో తకాజి మియాకే రోగుల నుంచి సేకరించిన 2,550 లీటర్ల మూత్రం నుంచి 1977లో షికాగోలో యూజీన్ గోల్డ్‌వాసర్ బృందం కొద్ది మిల్లీగ్రాములు వేరుచేసింది. 1989లో అమెరికాలో కిడ్నీ రోగుల రక్తహీనతకు మందుగా అనుమతి వచ్చింది. డయాలసిస్ చేయించుకునేవారున్న ఇళ్లలో ఇది తెలిసిన ఇంజెక్షనే.

2003లో ఎలుకల మీద ప్రయోగాల్లో, రక్తం అందని గుండె కణాలు చనిపోకుండా ఇది కాపాడుతున్నట్టు కనబడింది. అందరికీ ఆశ పుట్టింది. మనుషుల దగ్గరికొచ్చేసరికి కథ మారింది. 2010లో నెదర్లాండ్స్‌లో 529 మందితో చేసిన పరీక్షలో గుండె పంపు చేసే శక్తి మెరుగుపడలేదు. 2011లో అమెరికాలో 222 మందితో చేసిన పరీక్షలో గుండెకు తగిలిన దెబ్బ తగ్గలేదు సరికదా, మందు తీసుకున్నవారికే ఆపదలు ఎక్కువయ్యాయి.

నాన్నగారిని కాపాడింది హార్మోను కాదు. నొప్పి మొదలవగానే పక్కింటి బాబాయిగారు ఆటో ఎక్కించి ఆసుపత్రికి చేర్చారు, మూసుకుపోయిన రక్తనాళాన్ని వెంటనే తెరిచారు. ఇప్పుడు ఏ కొత్త మందు వార్త చూసినా ముందు ఒక్కటే అడుగుతాను: ఎలుకలకా, మనుషులకా?