సూది తర్వాతి రోజులు: నర్సింగ్ ఫారానికి వ్యాఖ్యానం

అమెరికాలో నర్సింగ్ సీటు రాగానే విద్యార్థి చేతికి ఇమ్యునైజేషన్ ఫారం వస్తుంది. టీకాల పేర్లు, ఎదురుగా తేదీల గడులు ఉంటాయి. ఏ సూదికి ఒంట్లో ఏమవుతుందో, ఎన్నో రోజున అవుతుందో అందులో ఉండదు. అది తెలియక కొందరు ఊరికే హడలిపోతారు. ఇంకొందరు డాక్టరుకు చూపించుకోవలసినదాన్ని పంటి బిగువున భరిస్తారు. నాకు బాధ కలిగించేది ఈ రెండోదే.

ఎంఎంఆర్, రెండు డోసులు: తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి ఒకే టీకా. డోసుల మధ్య కనీసం 28 రోజుల ఎడం ఉండాలి. మన ప్రభుత్వ టీకాల పట్టికలో గవదబిళ్లలకు చోటు లేదు. అందుకే ఇక్కడి కార్డుతో వెళ్లిన అమ్మాయికి చాలాసార్లు అక్కడ మళ్లీ సూది తప్పదు. ఇందులో ఉన్నది బలం తగ్గించిన సజీవ వైరస్. అది ఒంట్లో కొంత పెరిగాకే శరీరం ఎదురు తిరుగుతుంది. కాబట్టి జ్వరం, దద్దు వచ్చేది ఆ రాత్రి కాదు, సుమారు 7 నుంచి 12 రోజులకు. రుబెల్లా రక్షణ లేని యువతుల్లో నూటికి పాతికమంది వరకు కీళ్ల నొప్పులతో బాధపడతారు. 1 నుంచి 3 వారాల మధ్య మొదలై వాటంతట అవే తగ్గుతాయి. పరీక్ష వారం సరిగ్గా అక్కడే పడకుండా సూది తేదీ ఎంచుకోవాలి. గర్భిణులు ఈ టీకా తీసుకోకూడదు.

వారిసెల్లా: ఆటలమ్మ టీకా, ఇదీ సజీవమే. కొద్దిమందికి సూది తర్వాతి వారాల్లో నాలుగైదు పొక్కులు లేస్తాయి. వాటి నుంచి టీకా వైరస్ అరుదుగా ఎదుటివారికి సోకవచ్చు. పొక్కు కనిపించిన రోజే ఇన్‌స్ట్రక్టర్‌కు చెప్పాలి. అవి మానేదాకా రక్షణ లేని గర్భిణులకు, పసికందులకు, కీమోథెరపీ రోగులకు దూరంగా ఉండాలి. హాజరు పోతుందని చొక్కా చేతుల కింద దాచడం రోగికి చేసే అన్యాయం.

టీబీ స్కిన్ టెస్ట్: టీకా కాదు, పరీక్ష. ముంజేతి చర్మంలోకి 0.1 మిల్లీలీటరు మందు ఎక్కించి, 48 నుంచి 72 గంటల్లో గట్టిపడిన మేర కొలుస్తారు. 1948లో మదనపల్లెలో క్షయ టీకా బీసీజీ మొదలైన దేశం మనది. పుట్టగానే అది వేయించుకున్నవారికి క్షయ సోకకపోయినా చెయ్యి వాచవచ్చు. బీసీజీ వల్ల తికమకపడని రక్తపరీక్ష ఐజీఆర్‌ఏ ఉంది, దాన్ని అడగండి. స్కిన్ టెస్ట్ ఎంఎంఆర్‌తో అదే రోజు చేయించుకోకపోతే, ఆ సూది తర్వాత 4 వారాలు ఆగాలి.

టీడాప్ (ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గులకు టీకా), ఫ్లూ షాట్: భుజం పోటు, ఒళ్లు బరువు, ఒకటి రెండు రోజులు. రాయని చేతికి వేయించుకుని, చెయ్యి కదుపుతూ ఉండాలి. తడిగుడ్డ చాలు, కావాలంటే పారాసిటమాల్. కానీ సూదికి ముందే మాత్ర వేసుకోవద్దు. వారాలు గడిచినా చెయ్యి పైకి లేవకపోతే అది మామూలు పోటు కాదు. సూది భుజంలో మరీ పైన దిగి ఉండవచ్చు. రోగిని పక్కకు తిప్పవలసిన చెయ్యి అది, వెంటనే చూపించండి.

హెపటైటిస్ బి, టైటర్: మామూలు పద్ధతిలో 0, 1, 6 నెలలకు మూడు డోసులు. ఇబ్బంది స్వల్పం, ఆలస్యమే చిక్కు. చివరి డోసు తర్వాత 1, 2 నెలలకు చేసే రక్తపరీక్షే టైటర్. అందులో యాంటీబాడీలు లీటరుకు కనీసం 10 యూనిట్లు ఉండాలి. నొప్పి రాలేదు గనుక టీకా పట్టలేదనుకోవద్దు, పట్టిందో లేదో టైటరే చెబుతుంది.

పదిహేను నిమిషాలు: ఫారంలో లేని మాట ఇది. సూది తర్వాత అంతసేపు కూర్చోవాలి, కుర్రవయసులో కళ్లు తిరిగి పడిపోయేవారు ఎక్కువ. గొంతు బిగిసి, ఊపిరాడక, ఒళ్లంతా దద్దురు లేచే తీవ్ర అలర్జీ పది లక్షల డోసులకు సుమారు ఒకటి చొప్పున వస్తుంది. ఎపినెఫ్రిన్ వెంటనే పడితే ప్రాణం నిలుస్తుంది. ఒకసారి అలా వచ్చినవారు అదే టీకా మరో డోసు వేసుకోకూడదు. తేదీల గడిలో అంకెకు బదులు డాక్టరు రాసిచ్చిన మెడికల్ ఎగ్జెంప్షన్ పత్రం జతచేయాలి.