ఏడాదికి పదిహేను రోజులు: కోలారు బంగారు గనుల మూసివేత, దళిత కార్మికుడి అనుభవం

ఆర్థిక సంస్కరణల మీద మన భాషలో చాలానే రాశారు. మూతపడ్డ ఫ్యాక్టరీల లెక్కలు, పోయిన ఉద్యోగాల లెక్కలు వాటిలో ఉంటాయి. పోయిన ఉద్యోగం ఏ కులపోడిది, అతను ఎక్కడి నుంచి ఆ పనిలోకి వచ్చాడు, అది పోయాక ఏ పనికి వెళ్లాడు అన్న ప్రశ్నలు మాత్రం అరుదుగా కనపడతాయి. "కార్మికుడు" అన్న మాట దగ్గరే విశ్లేషణ ఆగిపోతుంది.

కోలారు బంగారు గనుల చరిత్ర మనల్ని ఆ మాట దగ్గర ఆగనివ్వదు. అక్కడ భూమి లోపలికి దిగిన వాళ్లలో అత్యధికులు అంటరాని కులాల వాళ్లు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. తరతరాలుగా వాళ్లు నేర్చుకున్న పనితనానికి గని బయట విలువ కట్టేవాడు లేడు. వాళ్ల కులానికి మాత్రం బయట ఎప్పటి లెక్కే సిద్ధంగా ఉంది. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది అదే.

ఊరి నుంచి గనికి

1876-78 కరువు దక్షిణాదిని ఊడ్చేసింది. ముందుగా చచ్చిందీ, ముందుగా ఊరు విడిచిందీ భూమి లేని మాలపల్లెలూ పరచేరీలే. 1880లో జాన్ టేలర్ కంపెనీ కోలారులో గనులు తవ్వడం మొదలుపెట్టేనాటికి కూలీలు దొరకడం కష్టం కాలేదు. మేస్త్రీలు ఉత్తర ఆర్కాటు, సేలం జిల్లాల నుంచి జనాన్ని తీసుకొచ్చారు. మన చిత్తూరు అప్పట్లో ఉత్తర ఆర్కాటులో భాగమే. తమిళ పరయర్లు ఎక్కువ మంది, వాళ్లతోపాటు తెలుగు మాట్లాడే మాలలు, మాదిగలు. ఒక దశలో ఈ గనుల్లో 30 వేల మంది దాకా పనిచేశారు.

గనిని స్వర్గంగా చూపించాల్సిన పనేం లేదు. 1902లోనే శివనసముద్రం నుంచి గనులకు కరెంటు వచ్చింది. ఆ వెలుగు దొరల బంగళాలకు అందింది గానీ కూలోళ్ల తడికల గుడిసెలకు అందలేదు. బంగారం దొంగిలిస్తారన్న అనుమానంతో ఒళ్లంతా తడిమి బయటికి పంపేవాళ్లు. బండలు పేలి మనుషులు నలిగిపోయారు. రాతిదుమ్ము పీల్చి ఊపిరితిత్తులు రాయి కట్టాయి. మన దేశంలో సిలికోసిస్ మొదట నమోదైన చోట్లలో కోలారు ఒకటి.

అయినా ఊళ్లో లేనిది ఒకటి అక్కడ దొరికింది. కూలి డబ్బు రూపంలో చేతికొచ్చింది. దొర కంపెనీవాడే గానీ ఊరి రెడ్డి కాదు. వేలమంది అంటరానివాళ్లు ఒక్కచోట, ఒక్క కూతకు లేచి పనికి పోయే బతుకు ఏ పల్లెలోనూ లేదు. ఆ బలంతోనే అయోతీదాసు పండితుడి బౌద్ధం మారికుప్పం, ఛాంపియన్ రీఫ్‌లలో వేళ్లూనుకుంది. ఆయన నడిపిన "తమిళన్" పత్రికను 1926లో జి. అప్పాదురైయార్ కోలారు గనుల నుంచే మళ్లీ తెచ్చారు. వేలిముద్రలతో పేర్లు నమోదు చేస్తామని కంపెనీ అంటే 1930లో మూడు వారాలు సమ్మె కట్టారు. నేరస్థుల్లాగా ముద్ర వెయ్యమంటే వెయ్యమన్నారు. ఇది కూలి కోసం చేసిన సమ్మె కాదు, ఆత్మగౌరవం కోసం చేసింది. 1946 నవంబరులో పోలీసు కాల్పుల్లో ఆరుగురు కార్మికులు చనిపోయారు. 1954లో అంబేద్కర్ ఈ గనుల ఊరికి వచ్చారు. తర్వాతి కాలంలో ఇక్కడి అసెంబ్లీ స్థానాన్ని రిపబ్లికన్ పార్టీ ఒకటికి నాలుగుసార్లు గెలుచుకుంది. వర్గపోరాటమా, కులపోరాటమా అని మన సభల్లో తెగని వాదన ఆ కార్మికుల బతుకులో ఎప్పుడో కలిసిపోయింది.

లోపల కూడా మెట్లున్నాయి

ఈ కథలో మనం దాటేయకూడని సంగతి ఒకటుంది. గనిలోకి దిగే దళితుడికీ, ఆ గని లైన్లలో పాకీదొడ్లు ఎత్తే దళితుడికీ మధ్య కూడా మెట్టు ఉంది. వేలమంది కార్మికుల ఇళ్లకు కంపెనీ కట్టించినవి పొడి మరుగుదొడ్లే. వాటిని చేతులతో ఎత్తే పని తెలుగు కుటుంబాల మీద పడింది. సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నడిపించిన బెజవాడ విల్సన్ 1966లో అలాంటి కుటుంబంలోనే పుట్టారు. పాకీపని మీద దేశవ్యాప్త పోరాటానికి బీజం 1980ల్లో ఈ గని లైన్లలోనే పడింది. ప్రభుత్వరంగంలోకి వచ్చాక కూడా ఈ పని ఆగలేదంటే, జాతీయం చేస్తే కులం పోతుందని నమ్మినవాళ్లు ఆలోచించుకోవాలి.

"నష్టం" ఎలా పుట్టింది

1956లో మైసూరు ప్రభుత్వం గనులను జాతీయం చేసింది. 1962లో అవి కేంద్రం చేతికి వెళ్లాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. అప్పటికి బంగారం లోతుకు పోయింది. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. అంత లోతులో రాతి వేడి 60 డిగ్రీలు మించేది. చల్లని గాలి లోపలికి పంపాలి, నీళ్లు పైకి తోడాలి, రాయి పైకి లాగాలి. టన్ను రాయిలో దొరికే బంగారమేమో తగ్గుతూ వచ్చింది. ఇవన్నీ నిజాలే.

ఇంకొక నిజం కూడా ఉంది. ఏళ్ల తరబడి ఇక్కడి బంగారాన్ని ప్రభుత్వం అంతర్జాతీయ అధికారిక ధరకే తీసుకుంది. మన బజారులో ధర అంతకంటే ఎక్కువ. తీసినవాడికి తక్కువ కట్టి, ఆ తక్కువనే నష్టమని పుస్తకాల్లో రాసుకున్నారు. నూట ఇరవై ఏళ్లలో ఈ గనులు ఇచ్చిన బంగారం సుమారు 800 టన్నులు. అదంతా ఒక పక్క పెట్టి చివరి ఇరవై ఏళ్ల బ్యాలెన్సుషీటు మాత్రం మనకు చూపించారు.

1991 జూలైలో కొత్త పారిశ్రామిక విధానం వచ్చింది. ఆ ఏడాది చివర్లో చట్టం మార్చి, ఖాయిలా పడ్డ ప్రభుత్వరంగ సంస్థలను కూడా బీఐఎఫ్ఆర్ కిందకు తెచ్చారు. 1992లో బంగారు గనుల కేసు అక్కడికి చేరింది. అదే ఏడాది జాతీయ పునరుద్ధరణ నిధి పెట్టారు. తీసేసిన వాళ్లకు కొత్త పని నేర్పిస్తామని చెప్పిన ఆ నిధిలో ఎక్కువ భాగం దేశమంతటా వీఆర్ఎస్ చెల్లింపులకే ఖర్చయింది. అంటే మనిషిని బయటికి పంపడానికి డబ్బు దొరికింది గానీ ఇంకో పనిలో నిలబెట్టడానికి దొరకలేదు. బీఐఎఫ్ఆర్ 2000లో మూసెయ్యమంది. యూనియన్లు కోర్టులకు వెళ్లాయి, ఊరేగింపులు తీశాయి. 2001లో గేట్లు పడ్డాయి. మన కుప్పం దగ్గరి బిసానత్తం, చిగురుగుంట గనులు, అప్పటి అనంతపురం జిల్లాలోని రామగిరి గని కూడా ఈ కంపెనీవే. వాటి కూలీల కథ తెలుగు పత్రికల్లో ఎక్కడో మూలన పడిపోయింది.

అనుభవానికి కట్టిన ధర

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చివరగా చేరినవాణ్ణి ముందుగా తీసెయ్యమనేది. పాత కార్మికుడికి అది కొంత రక్షణ. మళ్లీ పనిలోకి తీసుకునేటప్పుడు తీసేసిన వాళ్లను ముందు పిలవాలని కూడా ఉండేది. గని మొత్తం మూసేస్తే ఈ రెండు రక్షణలూ గాలికి పోతాయి. ముప్ఫై ఏళ్లవాడూ మూడేళ్లవాడూ ఒకే రోజు బయట. ఇంక పిలిచేవాడెవడు? మూసివేతలో ఆ చట్టం చెప్పిన కనీస పరిహారం, పనిచేసిన ఏడాదికి పదిహేను రోజుల సగటు జీతం. ముప్ఫై ఏళ్లు భూమి లోపల గడిపినవాడికి ఈ లెక్కన దక్కేది పదిహేను నెలల జీతం. కంపెనీ ప్రత్యేక ప్యాకేజీ ఇచ్చినా, లెక్క కట్టే పద్ధతి ఇదే దారిలో నడుస్తుంది. సర్వీసు అంటే రోజులు. ఆ రోజుల్లో మనిషి నేర్చుకున్నదానికి ఏ కాలమూ లేదు.

ఏం నేర్చుకున్నాడు? పైకప్పు బండను ఇనపకడ్డీతో తట్టి, ఆ చప్పుడును బట్టి అది నిలుస్తుందో ఊడుతుందో చెప్పగలడు. మందు ఎక్కడ ఎంత కూరాలో తెలుసు. వేల అడుగుల లోతుకు మనుషుల్ని దించే యంత్రాన్ని ఆపాల్సిన చోట ఆపగలడు. తండ్రి దగ్గర కొడుకు, పాతవాడి దగ్గర కొత్తవాడు నేర్చుకున్న శాస్త్రం ఇది. దీనికి సర్టిఫికెట్టు లేదు. పుస్తకంలో ఉన్నదే జ్ఞానం, చేతిలో ఉన్నది చాకిరీ అనే దేశంలో ఈ శాస్త్రం గేటు బయట చెల్లలేదు.

తర్వాత ఏమైంది? తెల్లవారుజామున మారికుప్పం నుంచి బెంగళూరు పోయే రైళ్లు దీనికి జవాబు చెబుతాయి. సుమారు వంద కిలోమీటర్లు పొద్దున పోయి రాత్రికి తిరిగి రావడం వేలమందికి బతుకుతెరువైంది. సెక్యూరిటీ గార్డు, హౌస్‌కీపింగ్, బిల్డింగు పని, గార్మెంట్స్. ఊడ్చే పనికీ కాపలా పనికీ అనుభవం అడగరు. ఏజెన్సీ పేరు మారినప్పుడల్లా సర్వీసు మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలవుతుంది. యూనియన్ లేదు, లైను లేదు, నలుగురూ కలిసే కూడలి లేదు. వేలిముద్ర వెయ్యనని 1930లో మూడు వారాలు నిలబడ్డ వాళ్ల మనవళ్లు ఒక్కొక్కరుగా విడిపోయి నగరంలో కలిసిపోయారు. ఊరు విడిచినప్పుడు వాళ్లు గుంపుగా నిలబడగలిగారు. గని విడిచినప్పుడు ఆ గుంపే పోయింది. దళితుడి దృష్టిలో మూసివేత వల్ల జరిగిన అతి పెద్ద నష్టం ఇది.

గుట్టల్లో మిగిలింది

కథ అయిపోలేదు. బంగారం తీసేశాక పారబోసిన సైనైడు మట్టి గుట్టలై నిలిచింది. గాలికి ఆ దుమ్ము లేచి లైన్ల మీదే పడుతుంది. ఆ మట్టిలో ఇంకా బంగారం ఉంది. వెయ్యి ఎకరాలకు పైగా పరుచుకున్న 13 గుట్టలను వేలానికి పెట్టేందుకు కర్ణాటక మంత్రివర్గం 2024 జూన్‌లో ఒప్పుకుంది. పారబోసిన మట్టికి ధర వచ్చింది. దాన్ని తవ్వి పైకి తెచ్చిన మనిషి పనితనానికి ఇప్పటికీ ధర రాలేదు.

కార్యకర్తలు అడగాల్సిన ప్రశ్నలు ఇక్కడున్నాయి. గుట్టలు తవ్వితే మొదటి పని ఎవరికి? లైను ఇళ్ల పట్టాలు ఎవరి పేరున? సిలికోసిస్ ఉన్నవాడికి వైద్యం ఎవరి ఖర్చు? విద్యార్థులు, టీచర్లు చెయ్యాల్సిన పని వేరే ఉంది. బండ చప్పుడు వినగలిగిన ఆఖరి తరం ముసలివాళ్లు ఇంకా కొందరు ఉన్నారు. కోలారులోనూ, కుప్పం పల్లెల్లోనూ వాళ్ల దగ్గర కూర్చుని, ఏ పని ఎలా చేశారో వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. వాళ్ల బాధలతో ఆపకుండా వాళ్ల విద్యను కూడా రాసుకోవాలి. కంపెనీ కాయితాల్లో ఆ విద్య ఎక్కడా లేదు కాబట్టి, మనం రాయకపోతే అది వాళ్లతోనే పోతుంది.